సైన్స్ సారుతో ప్రశ్న–జవాబు: రాకెట్ దేనికో తేల్చేది ఎవరు?

ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినం. ఆ తేదీ దగ్గర పడుతుందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆకాశం గురించే ఉంటాయి. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చినవన్నీ దాదాపు ఒకే సంగతి అడుగుతున్నాయి. అంతరిక్షంలో ఏం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో మన దేశంలో ఎవరు నిర్ణయించారు? అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాను.

దేవరకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: సార్, మా క్లాసులో వాదన వచ్చింది. ప్రభుత్వం ఏం చెయ్యమంటే సైంటిస్టులు అది చేస్తారని నేనన్నాను. అసలు పాలసీ రాసేదే సైంటిస్టులని మా ఫ్రెండ్ అన్నాడు. ఎవరిది కరెక్టు?

మన దేశం వరకు, అందులోనూ అంతరిక్షం వరకు, మీ ఫ్రెండ్ చెప్పిందే నిజానికి దగ్గర.

1962లో అణుశక్తి శాఖ కింద అంతరిక్ష పరిశోధనకు ఒక జాతీయ కమిటీ వేశారు. పేరు ఇన్‌కోస్పార్. శాఖ పెద్ద హోమీ భాభా, కమిటీ పెద్ద విక్రమ్ సారాభాయ్. ఆయనకు అప్పటికి 42 ఏళ్లు. అహ్మదాబాద్‌లో బట్టల మిల్లుల కుటుంబంలో పుట్టి, కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన భౌతిక శాస్త్రవేత్త. రాకెట్ కావాలని ఆయన్ని ఏ మంత్రీ అడగలేదు. అడిగిందీ ఆయనే, ఒప్పించిందీ ఆయనే.

1963 నవంబర్ 21న కేరళ తీరంలోని తుంబా నుంచి అమెరికా ఇచ్చిన చిన్న రాకెట్ ఎగిరింది. చర్చి భవనంలో ఆఫీసు, సైకిల్ మీద రాకెట్ భాగాలు, ఈ కథలు మీరు వినే ఉంటారు కాబట్టి వాటిని వదిలేస్తాను. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. దేనికి చేస్తున్నామో ఆయన రాసి పెట్టాడు. అప్పట్లో అమెరికా, రష్యా చంద్రుడి కోసం పోటీ పడుతున్నాయి. చంద్రుడి మీదికో గ్రహాల మీదికో పోవడంలో, మనిషిని ఆకాశంలోకి పంపడంలో ధనిక దేశాలతో పోటీ పడాలన్న కల మాకు లేదని ఆయన తేల్చి చెప్పాడు. కానీ మనిషికీ సమాజానికీ ఉన్న అసలు సమస్యలకు కొత్త టెక్నాలజీని వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదన్నాడు. ఏం చెయ్యాలో అందులో ఉంది, ఏం చెయ్యకూడదో కూడా ఉంది. పాలసీ అంటే ఈ రెండూ కలిసి ఉండాలి. ఇప్పుడొచ్చే చాలా పాలసీల్లో రెండోది కనపడదు.

1970లో ఆయన పదేళ్ల ప్రణాళిక ఇచ్చాడు. సొంత ఉపగ్రహాలు, సొంత రాకెట్, పల్లెలకు టీవీ అన్నీ అందులో ఉన్నాయి. 1971 డిసెంబర్ 30న కోవళంలో చనిపోయాడు. అప్పటికి 52 ఏళ్లే.

తర్వాతి పేరు సతీశ్ ధావన్. ఆయన సెలవు మీద అమెరికాలో పాఠాలు చెప్తుండగా, అంతరిక్ష కార్యక్రమాన్ని నడపమని ప్రధాని ఇందిరా గాంధీ నుంచి పిలుపు వెళ్లింది. ఆయన రెండు షరతులు పెట్టాడు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా కొనసాగుతాను, అంతరిక్ష కార్యక్రమం హెడ్డాఫీసు బెంగళూరులోనే ఉండాలి అని. ఆమె రెండింటికీ ఒప్పుకున్నారు. ఆయన వచ్చేదాకా భౌతిక శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ కొన్ని నెలలు బాధ్యత చూసుకున్నారు.

1972లోనే స్పేస్ కమిషన్, డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్పేస్ ఏర్పడ్డాయి. మీ క్లాసు వాదన తేలేది ఇక్కడే. మామూలు శాఖలో కార్యదర్శి ఐఏఎస్ ఆఫీసర్ ఉంటాడు. సైంటిస్టు రాసిన ఫైలు కింది నుంచి మెట్టుమెట్టుగా పైకి పోవాలి, ప్రతి మెట్టు మీద ఒక ప్రశ్న, ఒక నెల. స్పేస్‌లో అట్లా కాదు. ఇస్రో చైర్మన్, శాఖ కార్యదర్శి, స్పేస్ కమిషన్ చైర్మన్ మూడూ ఒక్కరే. ఆయన సైంటిస్టో ఇంజనీరో అయి ఉంటాడు. ప్రధానమంత్రితో నేరుగా మాట్లాడతాడు. డబ్బు సంగతి చూసే ఆర్థిక సభ్యుడు అదే కమిషన్‌లో పక్కనే కూర్చుంటాడు. ఈ పద్ధతిని అణుశక్తిలో ముందు నడిపి చూపించింది భాభా. ఈ కుర్చీల అమరిక లేకపోతే సారాభాయ్ రాసిన కాగితాలు ఏ బీరువాలోనో ఉండిపోయేవని నా నమ్మకం.

మీరు కూడా పూర్తిగా తప్పు కాదు. డబ్బు మంజూరు చేసేది కేబినెట్, పార్లమెంటు. సైంటిస్టు ఎంత పెద్దవాడైనా అక్కడ ఒప్పించుకోవాల్సిందే.

నారాయణపేట నుంచి ఒక రిటైర్డ్ టీచర్: నేను చిన్నప్పుడు మా బడిలో టీవీ చూశాను, డాబా మీద జాలీతో చేసిన పెద్ద గొడుగు ఉండేది అంటే మనవళ్లు నమ్మడం లేదు. ఏడాది తర్వాత ఆ టీవీలో బొమ్మ రావడం ఆగిపోయింది. అదేంటో చెప్పగలరా?

సార్, మీ ఉత్తరం చదువుతుంటే ఒళ్లు పులకరించింది. నేనూ ఆ టీవీ చూసిన పిల్లవాడినే. మీ మనవళ్లకు ఈ పేజీ చూపించండి.

దాని పేరు సైట్. ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చెప్పే ప్రయోగం అని అర్థం. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. ఆరు రాష్ట్రాల్లో వెనుకబడిన జిల్లాలను ఎంచుకుని 2,400 ఊళ్లలో టీవీలు పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఉపగ్రహం నాసా వాళ్ల ఏటీఎస్-6. దాన్ని వాడుకోవడానికి 1969లోనే సారాభాయ్ హయాంలో ఒప్పందం జరిగింది. కార్యక్రమాలు తయారుచేసే పని ఎక్కువగా ఆకాశవాణి చూసింది. కింద యాంటెన్నాలు, టీవీలు, వాటి బాగోగులు ఇస్రో బాధ్యత. అహ్మదాబాద్‌లో యశ్‌పాల్, ఏక్‌నాథ్ చిట్నిస్ ముందుండి నడిపారు. టీవీ సెట్లు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్.

మీరన్న గొడుగు దాదాపు పది అడుగుల వెడల్పుండే యాంటెన్నా. దానికి వేసింది కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీయే. ఖరీదైన రేకు అక్కర్లేదు, ఆ తరంగాల పొడవు ముందు జాలీ కన్నాలు చాలా చిన్నవి కాబట్టి అవి కన్నాల్లోంచి జారిపోవు. గాలికి ఊగదు, బరువుండదు, ఊరి మేస్త్రీ కూడా బిగించగలడు. ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలోకి బొమ్మ దించాలంటే సెట్టు ఖరీదు తగ్గాలి, ఊళ్లో నిలబడాలి అని ఇంజనీర్లు కూర్చుని ఆలోచించిన ఫలితం అది.

మా ఊరి సెట్టు బడి వరండాలో పెట్టెలో ఉండేది. తాళం చెవి హెడ్మాస్టరు జేబులో. సాయంత్రం ఆయన తువ్వాలుతో అద్దం తుడిచి మీట నొక్కితే ముందు చుక్కలు చుక్కలుగా మెరిసేది, తర్వాత బొమ్మ నిలబడేది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మేము ముందు వరుసలో నేల మీద. పొద్దున పిల్లలకు గంటన్నర, రాత్రి పెద్దలకు రెండున్నర గంటలు ప్రసారం. అందులోనే అన్ని భాషలూ సర్దుకోవాలి కాబట్టి మన తెలుగుకు వచ్చేది కొంత భాగమే. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు పంపే ఏర్పాటు కూడా ఆ ఉపగ్రహంలో ఉంది.

ఒక రోజు వరినారు గురించి చూపిస్తున్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "గీ వరి ముచ్చట మాకెందుకయ్యా, మాది జొన్న చేను. జొన్నకు పురుగు పడితే ఏం చెయ్యాల్నో చెప్పుమను" అన్నాడు. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు నవ్వలేదు. నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. అట్లాంటి మాటలు పైకి చేరే దారి ఆ ప్రయోగంలో నిజంగానే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఫిజిక్స్ లెక్చరర్ అయ్యాక చదివితే తెలిసింది. సామాజిక శాస్త్ర పరిశోధకులను పల్లెలకు పంపారు. కొందరు నెలల తరబడి ఊళ్లోనే ఉండి ఎవరు చూస్తున్నారు, ఎవరు లేచి పోతున్నారు, ఏ భాష అర్థం కావడం లేదు అని రాశారు. కొత్త మోజు తీరాక చూసేవాళ్లు తగ్గారన్న సంగతి కూడా దాచిపెట్టలేదు. రాకెట్ల సంస్థ ఒకటి ఇట్లాంటి పని పెట్టుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

ఇంకో మాట. దేశంలో టీవీ మొదలైంది ఢిల్లీలో, 1959లో. రెండో నగరం బొంబాయికి చేరడానికి 1972 దాకా పట్టింది. ఆ లెక్కన పాలమూరు పల్లెకు టీవీ ఎప్పుడు రావాలి? హైదరాబాద్ నగరానికే ట్రాన్స్‌మిటర్ 1977లో వచ్చింది. అంటే జొన్న చేల మధ్య ఉన్న మా ఊరు రాజధాని కన్నా ముందు టీవీ చూసింది. అది అదృష్టం కొద్దీ జరిగింది కాదు. నగరం నుంచి మెల్లగా పల్లెకు పోదామంటే తరాలు గడుస్తాయి, పల్లె నుంచే మొదలుపెడదాం అని సారాభాయ్ వాదించాడు. దాని వెనక లెక్కలు వేశాడు, పాలకులను ఒప్పించాడు. చూడటానికి మాత్రం ఆయన లేడు.

ఏడాది ఒప్పందం ముగియగానే ఏటీఎస్-6ను నాసా మన ఆకాశం నుంచి జరుపుకుంది. మీ బడిలో బొమ్మ ఆగిపోయింది అందుకే. ఆ ఏడాది నేర్చుకున్న పాఠాలతోనే ఇన్‌శాట్ అనే మన ఉపగ్రహాల వరస తయారైంది. 1982లో పంపిన ఇన్‌శాట్-1ఎ కొన్ని నెలలకే పనికిరాకుండా పోయింది. 1983 ఆగస్టులో వెళ్లిన ఇన్‌శాట్-1బి నిలబడింది. టెలిఫోన్, టీవీ, వాతావరణం మూడు పనులు ఒక్క ఉపగ్రహంలో పెట్టడం మన వాళ్ల నిర్ణయమే. పేద దేశం మూడు ఉపగ్రహాలు విడివిడిగా కొనలేదు కదా.

మునుగోడు దగ్గరి ఊరి నుంచి ఒక గృహిణి: ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా అత్తమ్మ నడుము వంగిపోయింది. చందమామ మీదికి వందల కోట్లు పెట్టేటోళ్లకు మా నీళ్లు కనపడలేదా సారూ?

అమ్మా, మీ ప్రశ్నకు తొందరగా జవాబు చెప్పి తప్పించుకోవడం పద్ధతి కాదు. చంద్రయాన్-1కు 386 కోట్లు అయ్యాయి. ఫలానా సినిమా బడ్జెట్ కన్నా ఇది తక్కువే అని కొందరు అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. నడుము వంగిన మనిషి ముందు నిలబడి చెప్పే మాట కాదది.

ముందు నీళ్ల సంగతి. షాద్‌నగర్ 2016 దాకా మన పాలమూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం 1979 నుంచీ ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థది. మొదట విదేశీ ఉపగ్రహాల చిత్రాలు తీసుకునేవాళ్లు. 1988 మార్చి 17న మన సొంత ఐఆర్ఎస్-1ఎ వెళ్లింది. అప్పుడు ఇస్రో చైర్మన్ యు.ఆర్. రావు. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను తయారుచేసిన బృందానికి పెద్ద ఆయనే. నేల, నీరు, పంట చూసే ఉపగ్రహాలు దేశానికి ముందు కావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయనది ముందు వరుస.

1980లలో కేంద్రం తాగునీటి మిషన్ పెట్టినప్పుడు ఈ చిత్రాల సాయంతో భూగర్భజలాల పటాలు గీశారు. మన దగ్గర కింద అంతా గ్రానైటు బండ. బండలో నీళ్లు ఊరవు. పగుళ్లలో, పైన చివికిన పొరలో నిలుస్తాయి. ఉపగ్రహానికి భూమి లోపలి నీళ్లు కనపడవు. కానీ పగులు మైళ్ల పొడవునా తిన్నగా పోతుంటే పై నుంచి గీతలా కనిపిస్తుంది. ఎండాకాలంలో దాని వెంట చెట్లు పచ్చగా ఉంటాయి. పొలంలో నిలబడితే ఆ గీత మన కంటికి దొరకదు. అందుకే పటం పట్టుకుని వచ్చిన జియాలజిస్టు చూపించిన చోట బోరు పడే అవకాశం ఎక్కువ. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూపించిన చోట వేసి అప్పుల పాలైన రైతులు మన రెండు జిల్లాల్లో ఎంతమందో మీకు తెలుసు.

ఇక మీ అసలు బాధ. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఉపగ్రహం చెప్పలేదు. సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చెయ్యాల్సిందే. ఆ బండలోని ఖనిజాలే నీళ్లలో కరిగి వస్తాయి కాబట్టి, బోరు పడినంత మాత్రాన మంచినీళ్లు దొరికినట్టు కాదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. మన జిల్లా పేరు సైన్స్ పుస్తకాలకు ఎక్కింది అట్లా. ఊళ్లలో మాత్రం అది రోజూ నిలకడగా నడవలేదు. మందు మోతాదు చూడాలి, అడుగున చేరే బురద తియ్యాలి, ఎవరో ఒకరు రోజూ దాని మీద ఉండాలి. చివరికి అసలు ఊరట కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే దొరికింది. ఆ నీళ్లు రాకముందు గడిచిన తరం బాధకు ఏ రాకెట్టూ సమాధానం కాదు. మీ కోపం న్యాయమైనదే.

మరి చంద్రుడు ఎట్లా వచ్చాడు? సారాభాయ్ వద్దన్నది తర్వాతివాళ్లు ఎందుకు మొదలుపెట్టారు? కస్తూరిరంగన్ ఇస్రో చైర్మన్‌గా ఉన్న కాలంలో, 1999లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో, మరుసటి ఏడాది ఆస్ట్రోనాటికల్ సొసైటీలో ఈ చర్చ నడిచింది. తర్వాత నిపుణుల బృందం వేసి నివేదిక రాయించారు. దాన్ని వందమంది దాకా శాస్త్రవేత్తల ముందు పెట్టి ప్రశ్నలు అడగనిచ్చారు. 2003 ఆగస్టు 15న ప్రధాని వాజపేయి ఎర్రకోట మీది నుంచి ప్రకటించారు. అప్పటికి ఇన్‌శాట్‌లు, ఐఆర్ఎస్‌లు ఏళ్ల తరబడి పని చేస్తున్నాయి, ఉపగ్రహాలను మోసుకెళ్లే సొంత రాకెట్ పీఎస్ఎల్‌వీ చేతికొచ్చింది. ముందు ఇంటి పని, తర్వాత చంద్రుడు అన్న వరస తప్పలేదు. నా మటుకు ఆ వరసే ముఖ్యం. ఇంటి పని అయిపోయిందని మాత్రం నేను అనను. మీలాంటివాళ్లు ప్రతి బడ్జెట్‌కూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉండాలి.

సూర్యాపేట నుంచి ఒక చిరు వ్యాపారి: ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు రాకెట్లు చేస్తున్నాయి కదా. ఇక సైంటిస్టు మాటకు విలువ ఉంటుందా?

2020లో ప్రైవేటుకు తలుపు తెరిచి, అనుమతులు ఇవ్వడానికి ఇన్-స్పేస్ అనే సంస్థ పెట్టారు. 2023 ఏప్రిల్‌లో కేబినెట్ భారత అంతరిక్ష విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ఇస్రో పరిశోధన మీద దృష్టి పెడుతుంది, వ్యాపారం ప్రభుత్వ కంపెనీ న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్ చూస్తుంది, కంపెనీలు సొంతంగా రాకెట్లు, ఉపగ్రహాలు నడపొచ్చు. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి తొలి ప్రైవేటు రాకెట్ ఎగరేసింది. దానికి సారాభాయ్ పేరు మీద విక్రమ్-ఎస్ అని పెట్టారు. ఆ పిల్లల పట్టుదల చూస్తే నాకు సంతోషమే.

నాకున్న టెన్షన్ ఒక్కటే. కంపెనీ డబ్బులిచ్చే వాడికి చిత్రం అమ్ముతుంది, అది దాని ధర్మం. దేవరకొండ మండలాల నీటి పటానికి డబ్బులిచ్చేదెవరు? 2023 విధానంలో ఒక మంచి మాట ఉంది. ఒక్కో చుక్క నేల మీద అయిదు మీటర్లు, అంతకన్నా ఎక్కువ మేర చూపే ఇస్రో చిత్రాలు అందరికీ ఉచితంగా ఇవ్వాలని. అది కాగితం మీద ఆగిపోకుండా చూసే బాధ్యత సైంటిస్టులదే. వాళ్లు ఆ కుర్చీల్లో కూర్చుని ఊరి తరఫున మాట్లాడకపోతే మార్కెట్ మాట్లాడదు.

కల్వకుర్తి నుంచి ఇంటర్ విద్యార్థిని: సార్, నేను ఎంపీసీ చదువుతున్నాను. అంతరిక్ష విధానం తయారుచేసే చోటికి చేరాలంటే ఏం చదవాలి?

బిడ్డా, ఇంజనీరు దారి అయితే తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ వారి ఐఐఎస్‌టీ ఉంది. 2007లో మొదలైంది. అందులో బీటెక్ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు మీద వస్తుంది. వేరే కాలేజీలో బీటెక్ చేసినా ఇస్రో పరీక్ష రాసి చేరొచ్చు. లా చదివి అంతరిక్ష చట్టాల వైపు, ఎకనామిక్స్ చదివి ఖర్చుల లెక్కల వైపు కూడా రావొచ్చు. ఇప్పుడు వాళ్ల అవసరం చాలా ఉంది.

ఏది చదివినా రాయడం నేర్చుకో. సారాభాయ్, ధావన్, రావు ముగ్గురూ మంత్రికి అర్థమయ్యేలా రెండు పేజీల్లో చెప్పగలిగినవాళ్లు. సెలవుల్లో ఇంటర్నెట్‌లో ఇస్రో వారి ఉపగ్రహ పటాల సైటు భువన్ తెరువు, ఖర్చేం లేదు. మీ మండలం మీదికి పోయి చెరువులు గుర్తుపట్టు, వాటిలో ఏవి ఆక్రమణ అయ్యాయో మీ తాతనడిగి పోల్చి చూడు. ఎంపీడీఓ గారికి పంపేలా ఒక పేజీ రాసి, ఒక కాపీ నాకు కూడా పంపు. చదివి ఎక్కడ మార్చాలో రాస్తాను.